కడుపుతో ఉన్నప్పుడు గుర్రం: ఎప్పుడు దిగాలి, దగ్గర ఎలా ఉండాలి

కాటన్‌పేటలో మా వీధి చివరింటి అమ్మాయి మొన్న ఆదివారం మా ఇంటికొచ్చింది. ఇచ్చిన కాఫీ చల్లారిపోతున్నా తాగకుండా గ్లాసు పట్టుకునే కూర్చుంది. నెల తప్పింది, ఏడో వారం. రెండేళ్లుగా వారం వారం ఊరి బయటికి వెళ్లి గుర్రపు స్వారీ నేర్చుకుంటోంది. "అక్కా, ఇంక నేను గుర్రం ఎక్కకూడదా?" అని అడిగింది. కుదుపుకు కడుపు జారిపోతుందని వాళ్ల అత్తగారు అప్పటికే ఖాయం చేసేసింది. ఈ అమ్మాయేమో కడుపుతో ఉండి పతకాలు గెలిచిన విదేశీ రౌతుల గురించి చదివి వచ్చింది. అత్తగారి భయంలోనూ, కోడలి ధైర్యంలోనూ కొంత నిజముంది. కానీ అసలు ప్రమాదం ఎక్కడుందో ఇద్దరూ చూడలేదు.

ఈ ప్రశ్న ఆమె ఒక్కదానిదే కాదు. బెంగళూరులో గుర్రాలతో మెలిగే ఆడవాళ్లు మనం అనుకునే కంటే ఎక్కువే. కాటన్‌పేట నుంచి రేస్‌కోర్సుకి దాదాపు మూడు కిలోమీటర్లు. దేవనహళ్లి వైపు 1996లో మొదలైన ఎంబసీ రైడింగ్ స్కూల్ ఉంది. 1958 నాటి హెబ్బాళ పశువైద్య కళాశాలలో అమ్మాయిలు గుర్రాలకు వైద్యం చేయడం నేర్చుకుంటారు. వీళ్లు కాక పెళ్లి ఊరేగింపులకు గుర్రాన్ని అద్దెకిచ్చే ఇళ్లున్నాయి. ఆ ఇళ్లలో గుర్రానికి నీళ్లు పెట్టేదీ, లద్దె ఎత్తేదీ చాలాసార్లు ఇంటి కోడలే. స్వారీ చేసేవాళ్ల సందేహాలతో పాటు ఆ కోడలి సందేహాలకూ ఇక్కడ జవాబు చెప్పాలి.

ముందు అత్తగారి భయం సంగతి చూద్దాం. కుదుపుకు కడుపు జారిపోతుందా? మొదటి పన్నెండు వారాలు గర్భసంచి కటి ఎముకల గిన్నెలోనే ఉంటుంది. పన్నెండో వారానికి దాని పైఅంచు ముందరి కటి ఎముక దాకా వస్తుంది. ఇరవయ్యో వారానికి బొడ్డు దగ్గరికి, ముప్పై ఆరో వారానికి రొమ్ము ఎముక కిందికి చేరుతుంది. మొదటి మూడు నెలల్లో బిడ్డ చుట్టూ ఉమ్మనీరు, దాని చుట్టూ కండ, ఆ పైన ఎముక ఉంటాయి. మెల్లగా నడిచే గుర్రం కుదుపు ఇన్ని పొరలు దాటి బిడ్డకు హాని చేయదు. గుంతల రోడ్డు మీద ఆటోలో వెళ్లినా ఒళ్లు కుదుపుతుంది కదా. ఆటో ఎక్కినంత మాత్రాన ఎవరికీ గర్భం పోవడం లేదు.

మరి తెలియక నాలుగో వారంలో, ఐదో వారంలో స్వారీ చేసేసినవాళ్ల మాటేమిటి? ఈ అమ్మాయి నోరు తెరిచి అడగలేకపోయిన ప్రశ్న ఇదే. తెలిసిన గర్భాల్లో నూటికి పది నుంచి ఇరవై దాకా నిలవవు. వాటిలో చాలావరకు పన్నెండు వారాల లోపే పోతాయి. అలా పోయినవాటిలో దాదాపు సగానికి కారణం పిండంలోని క్రోమోజోముల లోపం. క్రోమోజోములంటే తల్లీతండ్రీ నుంచి వచ్చే వారసత్వ పోగులు. అవి కలిసేటప్పుడే లెక్క తప్పితే గుర్రం ఎక్కినా, మంచం దిగకుండా ఉన్నా ఫలితం మారదు. కడుపు పోయినవాళ్లు ఆ ఆదివారం స్వారీకి వెళ్లకుండా ఉంటే బాగుండేదని ఏళ్ల తరబడి కుమిలిపోవడం నేను చూశాను. పడలేదు, దెబ్బ తగల్లేదు అంటే ఆ నింద మోయాల్సిన పని లేదు.

అసలు ప్రమాదం కుదుపులో లేదు, పడిపోవడంలో ఉంది. గుర్రం ఎత్తును 'హ్యాండ్' అనే కొలతలో చెబుతారు. ఒక హ్యాండ్ అంటే నాలుగు అంగుళాలు. మామూలు పందెపు గుర్రం 16 హ్యాండ్లు, అంటే 64 అంగుళాలు, సుమారు 162 సెంటీమీటర్లు. జీను మీద కూర్చున్న మనిషి నడుము నేలకు ఒకటిన్నర మీటరుకు పైనే ఉంటుంది. అక్కడి నుంచి జారితే నేలను తాకేసరికి వేగం గంటకు 19 కిలోమీటర్లు దాటుతుంది. మంచం ఎత్తు 45 సెంటీమీటర్లు అనుకుంటే, అక్కడి నుంచి పడినప్పటి కంటే ఈ దెబ్బలో శక్తి మూడింతలకు పైమాట. ఇది గుర్రం కదలకుండా నిలబడి ఉన్నప్పటి లెక్క. పరుగులో ఉంటే గంటకు ఇరవై కిలోమీటర్ల ముందుకు తోపు దీనికి తోడవుతుంది.

ఆ దెబ్బకు కడుపులో ఏం జరుగుతుందో తెలియాలంటే మాయ గురించి తెలియాలి. గర్భసంచి గోడకు అతుక్కుని బిడ్డకు రక్తం అందించేది మాయ. నెలలు నిండేసరికి అది అరకిలో బరువు, చిన్న పళ్లెమంత వెడల్పు ఉంటుంది. గర్భసంచి కండ కాబట్టి దెబ్బ తగిలితే సాగుతుంది, నొక్కుకుపోతుంది. మాయకు అలా సాగే గుణం లేదు. ఊదిన బెలూన్ మీద స్టిక్కర్ అతికించి బెలూన్‌ను ఒక పక్క నొక్కి చూడండి, స్టిక్కర్ అంచు లేస్తుంది. మాయ కూడా అలాగే గోడ నుంచి ఊడొచ్చు. చిన్న దెబ్బలు తగిలిన గర్భిణుల్లో ఇది నూటికి ఒకరి నుంచి ఐదుగురికి జరుగుతుంది. పెద్ద దెబ్బలైతే సగం మంది దాకా వెళుతుంది. నెలలు నిండాక గర్భసంచికి నిమిషానికి అరలీటరు పైగా రక్తం పారుతుంది. అందుకే మాయ ఊడితే గంటల మీద కూడా నమ్మకం పెట్టుకోలేం. ఒక్కోసారి రక్తం లోపలే నిలిచిపోతుంది, బయట చుక్క కూడా కనిపించదు.

సరే, అంత తరచుగా ఎవరు పడతారు? బ్రిటన్‌లో 1980లలో వేసిన ఒక లెక్కను వైద్య పత్రికలు ఇప్పటికీ ఎత్తి చూపుతుంటాయి. గుర్రపు రౌతులకు సుమారు 350 గంటల స్వారీకి ఒక ప్రమాదం, మోటార్ సైకిల్ నడిపేవాళ్లకు 7000 గంటలకు ఒకటి. మన లెక్కలోకి మార్చుకుందాం. వారానికి రెండు గంటల చొప్పున పన్నెండో వారం నుంచి నలభయ్యో వారం దాకా ఎక్కితే 56 గంటలు. 56ని 350తో భాగిస్తే ఆరింట ఒకటి వస్తుంది. లెక్క పాతది, ఎలాంటి రౌతు, ఎలాంటి స్వారీ అనేదాన్ని బట్టి మారుతుంది, ప్రతి ప్రమాదమూ కడుపు మీదికి రాదు. ఇవన్నీ తీసేసి ఇరవైలో ఒకటి అనుకున్నా, కడుపులో బిడ్డను పెట్టుకుని ఆ పందెం కాయమని నేను చెప్పలేను.

"నాకు స్వారీ బాగా వచ్చు, ఆ గుర్రం చాలా సాధువు" అంది అమ్మాయి. రెండూ నిజమే కావచ్చు. కానీ గుర్రం వేటాడే జంతువు కాదు, వేటకు బలయ్యే జంతువు. దాని చూపు దాదాపు 350 డిగ్రీలు తిరుగుతుంది. తోక వెనకా, ముక్కు ముందూ కొంచెం తప్ప అన్ని దిక్కులూ కనిపిస్తాయి. అందుకే కంచె మీద ఎగిరిన ప్లాస్టిక్ కవరు మనకంటే ముందు దానికే కనబడుతుంది. ఆలోచించుకునే లోపే అది పక్కకు దూకుతుంది. అలా దూకినప్పుడు మామూలు రోజుల్లో నడుమూ తొడలూ మనల్ని నిలబెడతాయి. కడుపుతో ఉన్న మనిషికి ఆ పట్టు తగ్గుతుంది. కీళ్లను కట్టి ఉంచే తంతువులు వదులవుతాయి. తొమ్మిది నెలల్లో సాధారణ బరువున్న స్త్రీ 11 నుంచి 16 కిలోలు పెరుగుతుంది. ఆ బరువు చాలావరకు ముందుకే చేరుతుంది కాబట్టి శరీరం తూగే చోటు మారిపోతుంది. ఏళ్లుగా ఒంటికి అలవాటైన బ్యాలెన్స్ ఇప్పుడు వేరే ఒంటికి సరిపోదు.

పతకాల మాట కూడా నిజమే. 1995లో బ్రిటన్ రౌతు మేరీ కింగ్ ఐదో నెల కడుపుతో యూరప్ పోటీల్లో దిగి పతకాలు తెచ్చుకుంది. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో నెదర్లాండ్స్‌కు చెందిన ఆంకీ వాన్ గ్రుంస్వెన్ కడుపుతో ఉండి డ్రెస్సాజ్‌లో బంగారు పతకం గెలిచింది. డ్రెస్సాజ్ అంటే గుర్రాన్ని తాళం తప్పకుండా నడిపించే విద్య. వాళ్లవి ఏళ్ల తరబడి తమ చేతుల్లో మెసలిన గుర్రాలు. బాగా జరిగింది కాబట్టి వాళ్ల పేర్లు మనకు తెలిశాయి. పడిపోయి ఆసుపత్రి పాలైనవాళ్ల పేర్లు ఏ పతకాల పట్టికలోనూ ఉండవు.

కాబట్టి ఎప్పుడు దిగాలి? అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం 2020లో వ్యాయామం మీద ఇచ్చిన సూచనల్లో, పడిపోయే ప్రమాదమున్న ఆటలను గర్భిణులు మానుకోవాలని చెప్పింది. ఆ జాబితాలో గుర్రపు స్వారీ పేరు పెట్టి ఉంది. బ్రిటన్ ప్రభుత్వ వైద్య సేవ మాట కొంచెం మెత్తగా ఉంటుంది: చేస్తే చాలా జాగ్రత్తగా చేయాలని. నా మాట అడిగితే, తెలిసిన రోజే దిగండి అంటాను. అంత త్వరగా మనసొప్పకపోతే పన్నెండో వారం కచ్చితమైన గీత. గర్భసంచి ఎముక గిన్నె దాటి పైకి వచ్చాక కడుపుకు ఏ కవచమూ ఉండదు. రైడింగ్ జాకెట్టు పక్కటెముకల కోసం తయారైంది, పెరిగే పొట్ట కోసం కాదు. హెల్మెట్ తలను కాపాడుతుంది, అంతే. వ్యాయామం ఆగిపోతుందన్న బాధ అక్కర్లేదు. అదే సంఘం వారానికి 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం చేయమంటుంది. రోజుకు ఇరవై రెండు నిమిషాలు, దాదాపు కాటన్‌పేట నుంచి కె.ఆర్. మార్కెట్‌కి నడిచి వెళ్లినంత.

ఎవరైనా అప్పటికే పడ్డారనుకోండి. దుమ్ము దులుపుకుని నాకేం కాలేదనుకుని ఇంటికి పోకూడదు. ఇరవై వారాలు దాటినవాళ్లు నొప్పి లేకపోయినా ఆసుపత్రికి వెళ్లాలి. బిడ్డ గుండె చప్పుడునూ గర్భసంచి బిగుసుకోవడాన్నీ కనీసం నాలుగు గంటలు గమనిస్తారు. రక్తం కనబడినా, నొప్పులు వస్తున్నా ఒక రోజంతా ఉంచుకుంటారు. కాటన్‌పేట వాళ్లకు 1935 నుంచి ఉన్న వాణీ విలాస్ ఆసుపత్రి రెండు కిలోమీటర్ల లోపే. 108కి ఫోన్ చేసి ఎదురు చూసే లోపు ఆటో దొరికితే ఆటోలోనే వెళ్లండి. నీరు కారడం, పొట్ట రాయిలా గట్టిపడి వదలకపోవడం, బిడ్డ కదలిక తగ్గడం, వీటిలో ఏ ఒక్కటి కనబడినా ఆలస్యం వద్దు. చేరగానే బ్లడ్ గ్రూపు చెప్పండి. మన దేశంలో నూటికి ఐదారుగురికి నెగటివ్ గ్రూపు ఉంటుంది. వాళ్లకు దెబ్బ తగిలిన 72 గంటల లోపు 'యాంటీ డి' ఇంజెక్షన్ పడాలి. బిడ్డ రక్తం తల్లి రక్తంలో కలిస్తే తల్లి ఒంట్లో దానికి వ్యతిరేకంగా పుట్టే ప్రతిరక్షకాలను ఈ మందు రాకుండా ఆపుతుంది. లేకపోతే వచ్చే కాన్పులో బిడ్డకు ముప్పు.

జట్కా, పెళ్లి బండి సంగతి కూడా ఇక్కడే చెబుతాను. మెల్లగా నడిచే బండిలో కూర్చోవడం స్వారీ అంత ప్రమాదం కాదు. కానీ బ్యాండ్ మేళం, టపాకాయలు, జనం మధ్య గుర్రం బెదిరితే పట్టుకోడానికి బెల్టు ఉండదు. ఫొటో కోసమైతే బండి పక్కన నిలబడి తీయించుకోండి.

ఇప్పుడు నేల మీద పనులు. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదు అంటారు పెద్దలు. ఇంట్లో ఎవరికి నెల తప్పినా దానికి నీళ్లూ మేతా తప్పవు. ఇక్కడ నేను వద్దు అనను, పద్ధతి మార్చమంటాను. 450 కిలోల గుర్రం అంటే నిండుగా ఉన్న వంట గ్యాస్ సిలిండర్లు పదిహేను. బరువులో ఎక్కువ భాగం ముందు కాళ్ల మీదే ఉంటుంది, ఒక్కో ముందు కాలు మీద సుమారు 135 కిలోలు. అది పాదం తొక్కితే నాలుగున్నర సిలిండర్లు ఒకేసారి వేళ్ల మీద పెట్టినట్టు. గట్టి తోలు బూట్లు లేకుండా లాయంలో అడుగు పెట్టకూడదు. తన్ను అంతకంటే పెద్ద సంగతి, అది తగిలే ఎత్తు సరిగ్గా పొట్ట ఎత్తే. కాబట్టి ఎడమ భుజం వైపు నుంచి మాట్లాడుతూ వెళ్లాలి. వెనక నుంచి దాటాల్సి వస్తే పది అడుగుల దూరంగా తిరిగి వెళ్లాలి. నెలలు పెరిగేకొద్దీ వెనక కాళ్ల దగ్గర పనులు, గిట్టలు ఎత్తి శుభ్రం చేయడం, లాడం కొట్టేటప్పుడు పట్టుకోవడం వేరేవాళ్లకు అప్పగించండి. మెడా, భుజమూ, వీపూ బ్రష్‌తో తోమడం మీరే చేయొచ్చు. గుర్రానికి కూడా అదే ఇష్టం.

బరువుల లెక్క చూద్దాం. ఒక గుర్రం రోజుకు 25 నుంచి 45 లీటర్ల నీళ్లు తాగుతుంది. అంటే మనింటికి వచ్చే ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్లు రెండు. మేత ఒంటి బరువులో దాదాపు రెండు శాతం, తొమ్మిది కిలోలు. లద్దె రోజుకు ఇరవై కిలోల దాకా. అమెరికా వృత్తి భద్రతా సంస్థ పరిశోధకులు గర్భిణులకు చెప్పిన కొలత ఇది: ఒంటికి దగ్గరగా పట్టుకుని, ఎప్పుడో ఒకసారి ఎత్తేటట్టయితే ఇరవయ్యో వారం దాకా 16 కిలోలు, తర్వాత 12 కిలోలు. గంటల తరబడి ఎత్తుతూ ఉండాలంటే అందులో సగమే. నేల మీంచి వంగి ఎత్తకూడదు, తల పైకి ఎత్తకూడదు. నిండు బకెట్ ఈ కొలత దాటిపోతుంది. తొట్టి దాకా పైపు లాగండి, లేదంటే ఎనిమిది లీటర్ల సగం బకెట్లు ఐదు సార్లు. ఉలవలు నానబెట్టిన పాత్రను నేల మీద కాక అరుగు మీద పెట్టండి. లద్దెను గంపలో నింపి ఎత్తకుండా చిన్న పారతో తోపుడు బండిలోకి వేయండి, బండి తోయడం ఇంకొకరి పని.

లద్దె అనగానే ధనుర్వాతం గుర్తుకు రావాలి. ఆ క్రిమి బీజాలు గుర్రపు లద్దెలోనూ, దాని ఎరువు పడిన మట్టిలోనూ ఏళ్ల తరబడి బతికి ఉంటాయి. బొడ్డు కోసిన చోట అవి చేరితే బిడ్డ బతకడం కష్టం. తల్లులకూ పసికందులకూ వచ్చే ధనుర్వాతాన్ని అదుపులోకి తెచ్చిన దేశంగా భారత్‌కు 2015లో గుర్తింపు వచ్చింది. అందులో టీకాల పాత్ర పెద్దది. గర్భం తెలియగానే ఒక 'టీడీ' టీకా, నాలుగు వారాల తర్వాత రెండోది. మూడేళ్ల లోపు వచ్చిన ముందు కాన్పులో రెండూ వేయించుకుని ఉంటే ఒక బూస్టర్ చాలు. లాయంలో ఎలుకలుంటే వాటి మూత్రం నుంచి లెప్టోస్పైరా జ్వరం వస్తుంది, పుండు ఉన్న చేతితో తడి గడ్డి ముట్టుకోవద్దు. పిల్లి తిరిగే గడ్డివాములో చేతి తొడుగులు తప్పనిసరి. పిల్లి మలంలో ఉండే టాక్సోప్లాస్మా క్రిమి గర్భంలోని బిడ్డను దెబ్బతీస్తుంది.

ఎవరూ సరిగ్గా చెప్పని విషయం ఒకటుంది. ఆడగుర్రాలకు వాడే కొన్ని మందులు గర్భిణి చర్మం గుండా లోపలికి పోతాయి. ఎద సమయాన్ని సరిచేయడానికి వాడే అల్ట్రెనోజెస్ట్ నూనెలాంటి ద్రవం, దాణాలో కలిపి పెడతారు. డైనోప్రోస్ట్, క్లోప్రోస్టెనాల్ అనే ఇంజెక్షన్లు ప్రోస్టాగ్లాండిన్ జాతివి. కాన్పు నొప్పులు తెప్పించే పదార్థాలకు ఇవి దగ్గరి బంధువులు. చేతి మీద ఒలికితే గర్భస్రావం అయ్యే ప్రమాదముంది. కడుపుతో ఉన్న పశువైద్యురాలైనా, లాయం పనిమనిషైనా వీటిని తొడుగు వేసుకుని కూడా ముట్టకూడదు, ఆ సీసా వేరే చేతికి పోవాలి. ఆడగుర్రం ఈనేటప్పుడు, ముఖ్యంగా ఈసుకుపోయినప్పుడు దగ్గర ఉండొద్దు. 2014లో ఆస్ట్రేలియాలో అలాంటి మాయను ముట్టుకున్న పశువైద్య విద్యార్థులకు ఊపిరితిత్తుల జబ్బు అంటుకుంది.

ఇదంతా ఇంటి గుర్రానికి చేసుకోగలం. కూలికి లాయంలో పనిచేసే మనిషి ఏం చేస్తుంది? 1961 ప్రసూతి ప్రయోజన చట్టంలో మొదలై 2020 సామాజిక భద్రతా స్మృతిలోకీ వచ్చిన నియమం ప్రకారం, ఆమె అడిగితే శ్రమతో కూడిన పని ఇవ్వకూడదు. కానీ ఆ హక్కు మొదలయ్యేది కాన్పు తేదీకి ముందున్న ఆరు వారాలకు మరో నెల ముందు, అంటే దాదాపు ముప్పయ్యో వారంలో. మాయ ఊడే భయం ఇరవయ్యో వారం నుంచే ఉంది. మధ్యలో ఆ పది వారాలు యజమాని మంచితనం మీద ఆధారపడి ఉంటాయి. పదిమంది కంటే తక్కువ మంది పనిచేసే చిన్న లాయాలకు ఈ నియమం కూడా చేరదు. గుర్రాన్ని అద్దెకిచ్చేవాళ్లు, లాయం నడిపేవాళ్లు ఇది చదువుతుంటే, పనిమనిషి నెల తప్పానని చెప్పిన రోజే ఆమెను వెనక కాళ్ల దగ్గర నుంచీ మందు సీసాల దగ్గర నుంచీ తప్పించి, కూలి తగ్గించకుండా మేత పనిలో పెట్టండి. మీకు ఒక్క రూపాయి ఎక్కువ ఖర్చు కాదు.

"ఆడగుర్రం కడుపుతో ఉండి కూడా తిరుగుతుంది కదక్కా" అని చివరికి నవ్వింది అమ్మాయి. తిరుగుతుంది. మన 280 రోజులకు దానివి దాదాపు 340. పిల్ల తల్లి బరువులో పదో వంతు, యాభై కిలోల దాకా. అయినా అది నాలుగు కాళ్ల మీద నేల మీదే ఉంటుంది, ఇంకో జంతువు వీపు మీద కాదు. నెలలు ముదిరాక దాని మీద కూడా ఎవరూ ఎక్కరు.

మళ్లీ ఎప్పుడు ఎక్కొచ్చు? మామూలు కాన్పైతే ఆరు వారాల పరీక్ష అయ్యాక డాక్టరుని అడిగి. ఆపరేషన్ అయితే ఎనిమిది నుంచి పన్నెండు వారాలు, దగ్గితే మూత్రం జారని రోజు వచ్చేదాకా. ఆమె వేళ్ల మీద లెక్క వేసుకుంది. వచ్చే ఏడాది ఉగాది దాటుతుంది. అప్పటిదాకా ఆదివారాలు మానదట. రికాబులో కాలు పెట్టదు, క్యారెట్లు నిలువుగా చీల్చి అరచేతిలో పెట్టుకుని గుర్రం ఎడమ భుజం పక్కన నిలబడుతుందట.